గుండ్రాయికి నొప్పొచ్చింది

మా మేనత్తను అసలు పేరుతో పిలిచేవాళ్ళు మా వీధిలో ఒక్కరు కూడా లేరు. అందరికీ గుండ్రాయే. మనిషి పొట్టి, నలుపు, గట్టి. లారీలో వచ్చిన పిండి బస్తాను దించడానికి ఇద్దరు మగవాళ్ళు "పట్టు, పట్టు, జాగ్రత్త" అని ఒకరికొకరు చెప్పుకుంటూ నిలబడితే, ఆవిడ మధ్యలోంచి చెయ్యి పెట్టి బస్తాను వీపు మీదకు లాక్కుని, లోపల బల్ల పక్కన దించి, తిరిగొచ్చి, "ఇంకా చర్చ అవలేదా నాయనా?" అనేది. జలుబు చేసిందని ఆవిడ ఒక పూట పడుకోవడం నేను చూడలేదు. "గుండ్రాయికి రోగమేమిటి?" అని వీధి వీధంతా అనేది. అది పొగడ్తేనని అందరం అనుకున్నాం, అత్త కూడా అలాగే అనుకుని లోలోపల మురిసిపోయేది. ఆ పొగడ్తే చివరికి ఆవిడ ప్రాణం మీదికి తెచ్చింది.

అత్తది బేకరీ. అత్తది అంటే సగమే. మిగతా సగం తెల్లత్తది.

తెల్లత్త మాకు చుట్టం కాదు. మా జాతి కూడా కాదు. మా ఊళ్ళో వంతెనకు ఇవతల ఉండేది మేము, అవతల ఉండేది వాళ్ళు. మేము నల్లవాళ్ళం, బరువులెత్తేదీ, అంట్లు తోమేదీ, ఇటుకలు మోసేదీ మేము. వాళ్ళు తెల్లవాళ్ళు, కుర్చీల్లో కూర్చునేది ఎక్కువగా వాళ్ళు. ఇలా అని ఎక్కడా రాసిపెట్టలేదు, కానీ వంతెన దాటే ప్రతి మనిషికీ తను ఎటు వెళ్తున్నాడో, ఎలా నడవాలో తెలుసు. "నలుపు నారాయణ మెచ్చు" అని మా నాయనమ్మ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని అంటూ ఉండేది. నారాయణుడు మెచ్చితే సరిపోతుందా, వంతెన అవతలి గుమస్తా కూడా మెచ్చాలి కదా అని నాకు చిన్నప్పుడే అనుమానం.

అలాంటి వంతెన దాటి తెల్లత్త మా బేకరీకి వచ్చింది. వచ్చింది కూడా పోట్లాటకు. రొట్టె అడుగు మాడిందని ఆవిడ ఫిర్యాదు. సన్నగా పొడుగ్గా ఉంటుంది, కోపం ఎప్పుడూ ముక్కు మీదే. అప్పటికే మొగుణ్ణి వదిలేసి, ఒక ఆఫీసులో టైపు కొట్టుకుంటూ, అద్దె గదిలో ఒక్కతే ఉండేదట. రొట్టెను గల్లాపెట్టె మీద పెట్టి, తిరగేసి చూపించి, గొంతు పెంచింది. అత్త రొట్టెను వాసన చూసి, "మాడింది నిజమేనండీ. పొయ్యిలో ఏ మూల ఎక్కువ వేడెక్కుతోందో నాకు అంతుపట్టడం లేదు. లోపలికొచ్చి మీరే చూడండి" అంది. ఆవిడ లోపలికి వెళ్ళింది. మా నాన్న మాటల్లో చెప్పాలంటే, ఇంతవరకూ బయటికి రాలేదు.

ఒక పెట్టె, కుట్టు మిషనూ తీసుకుని ఆవిడ బేకరీ పైనున్న ఇంట్లోకి మారాక, వంతెన అవతల ఉన్న ఆవిడ అన్నలు మాటలు మానేశారు. ఇవతల మావాళ్ళు మాటలు మానలేదు గానీ, ఆ మాట మాత్రం ఎత్తరు. నాయనమ్మ, "ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి" అని ఒక రోజంతా గొణిగి, సాయంత్రానికి పైకి ఇంకో దిండు పంపించింది. ఆవిడ ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా అని మా అమ్మ చాలా రోజులు ఆలోచించింది. దిండు అందిందిగా, ఇంక ఆలోచించేదేముంది? మా నాన్న అయితే అత్తకు సొంత తమ్ముడై ఉండి, ఆ ఇంటి మెట్లు ఎక్కిన పాపాన పోలేదు. రోజూ పొద్దున్నే వస్తాడు, కింద నిలబడతాడు, "ఏమక్కా?" అంటాడు, రొట్టె పట్టుకుని వెళ్తాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందన్నది ఆయన సిద్ధాంతం. వీధివాళ్ళు, "పాపం, ఇద్దరూ ఒంటరివాళ్ళు, ఒకరికొకరు తోడు" అని ఒక మాట అనుకుని హాయిగా ఉన్నారు. పైన ఉన్నది ఒకటే గది, ఒకటే మంచం అని కుళాయి బాగుచెయ్యడానికి వెళ్ళిన ప్రతివాడికీ తెలుసు. తెలిసినా ఎవరూ కిక్కురుమనేవారు కాదు. వాళ్ళ రొట్టె అంత బాగుండేది మరి.

నల్లత్త, తెల్లత్త అని నేనే పేర్లు పెట్టాను, మాటలు వస్తున్న వయసులో. నల్లత్త కాస్తా అత్త అయిపోయింది, తెల్లత్త అలాగే మిగిలిపోయింది. చదువు చాలించి నేను వాళ్ళ దగ్గరే పనిలో చేరాను.

చేరిన మొదటిరోజే అత్త నాకొక నియమం చెప్పింది. పిండి పిసికినవాళ్ళు రొట్టె తట్టకూడదు. రొట్టె కాలిందో లేదో చూడాలంటే పొయ్యిలోంచి తీసి, అచ్చులోంచి బోర్లించి, అడుగున వేళ్ళతో తట్టి వినాలి. డొల్లగా మోగితే కాలినట్టు, మొద్దుగా పలికితే లోపల పచ్చి ఉన్నట్టు. ఆ తట్టే పని పిసికిన చెయ్యి చెయ్యకూడదు. "కాకి పిల్ల కాకికి ముద్దు. నీ చేత్తో పిసికాక నీ చెవికి అది డొల్లగానే వినిపిస్తుంది. పరాయి చెవి కావాలి" అనేది అత్త. ఆవిడ పిసికేది, తెల్లత్త తట్టేది. తెల్లత్త "పచ్చి" అంటే, అత్త ఎంత మొహం ముడుచుకున్నా సరే, ఆ ట్రే మొత్తం మళ్ళీ పొయ్యిలోకి వెళ్ళాల్సిందే. ఈ విషయంలో ఒక్క రోజు కూడా వాళ్ళు తేడా పడలేదు.

వాళ్ళు తేడా పడింది ఆసుపత్రి దగ్గర.

ఇద్దరిదీ దాదాపు ఒకే వయసు. నెలసరి ఆగిపోవాల్సిన వయసులో ఇద్దరికీ ఒకేసారి పొత్తికడుపులో నొప్పి పట్టుకుంది. రక్తం ఎక్కువ పోవడం, నడుం లాగడం, అన్నీ అవే. "రొట్టెలోనే సగం సగం అనుకున్నాం, రోగంలో కూడానా?" అని నవ్వుకుంటూ ఇద్దరూ కలిసే వెళ్ళారు. మాకు అందుబాటులో ఉన్నది ఒకటే ఆసుపత్రి, ఆడవాళ్ళను చూసే డాక్టరు కూడా ఒక్కరే, వంతెన అవతలి ఆవిడ. ముందు తెల్లత్తను పిలిచారు, ఆ తర్వాత అత్తను.

తిరిగి వచ్చాక ఇద్దరూ బల్ల దగ్గర చేరారు. నేను అచ్చులకు నూనె రాస్తూ అంతా విన్నాను.

"నాకు స్కానింగ్ రాసింది. పడుకోబెట్టి చూసింది. నొప్పికి బిళ్ళలిచ్చింది. నీకేం రాసింది?" అంది తెల్లత్త.

"ఏం రాయలేదు."

"ఏం రాయలేదా? చూసిందా అసలు?"

"చూసింది. కుర్చీలోంచే చూసింది. 'నీకేమ్మా, గుండ్రాయిలా ఉన్నావు. ఈ వయసులో మామూలే. కాస్త ఓర్చుకో, బరువు తగ్గు' అంది. మనవాళ్ళ ఒళ్ళు గట్టిదట, ఓర్చుకోగలమట." అత్త ఆ మాట కొంచెం గొప్పగానే చెప్పింది.

తెల్లత్త పిండి చేతులతోనే నడుం మీద చెయ్యి వేసుకుంది. "నిన్ను 'నువ్వు' అందా?"

"అంటే ఏంటి? నీలాగా నన్ను కూడా 'మీరు' అంటారా ఎవరైనా?"

"మరి లోపలి పరీక్ష?"

"పెళ్ళయిందా అనడిగింది. లేదన్నాను. పెళ్ళికాని వాళ్ళకు ఆ పరీక్ష చెయ్యరట, అక్కర్లేదట. నిన్నడగలేదా?"

తెల్లత్త నేల చూపులు చూసింది. "అడిగింది. ఉన్నాడన్నాను. వేరే ఊళ్ళో ఉంటాడన్నాను."

"అది అబద్ధం కాదా?"

"ఎక్కడో ఒక ఊళ్ళో ఉండే ఉంటాడుగా! నువ్వు కూడా ఒక్క మాట అనేస్తే పోయేదానికి..."

"నాకు లేని మొగుణ్ణి ఎక్కడి నుంచి తెచ్చిపెట్టను? నీ మొగుణ్ణి అరువివ్వు, తీసుకెళ్ళి చూపిస్తాను" అంది అత్త. నేను ఫక్కున నవ్వేశాను. తెల్లత్త నవ్వలేదు.

అక్కడ మొదలైంది గొడవ. ఈసారి తను కూడా లోపలికి వస్తాననీ, డాక్టరుతో తనే మాట్లాడతాననీ తెల్లత్త. వద్దని అత్త. "వాళ్ళు నా మాట వింటారే, వినేవాళ్ళ చేత చెప్పిస్తే తప్పేంటి?" అంటుంది ఈవిడ. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నా కడుపులో నొప్పి చెప్పుకోవడానికి నీ నోరు అద్దెకు తెచ్చుకోవాలా? నేను చెబితే వినని నొప్పి, నువ్వు చెబితే వింటే, అది నా నొప్పి అవదు, నీ రంగుకిచ్చిన గౌరవం అవుతుంది" అంటుంది ఆవిడ. నేను ఎటు వైపు మాట్లాడాలో తెలియక అచ్చులకు రెండోసారి నూనె రాశాను. నిజం చెప్పాలంటే ఇద్దరి మాటా నిజమే. నాకు ఒళ్ళు మండింది మాత్రం ఇద్దరి మీదా కాదు. ఒకే గుమ్మంలోంచి వెళ్ళిన ఇద్దరు ఆడవాళ్ళలో ఒకరికి మందు, ఒకరికి ఓర్పు ఇచ్చి పంపిన ఆ గది మీద మండింది.

తెల్లత్తకు మందులతో నయమైంది. అత్త ఓర్చుకుంది. మాటలు కరువైన ఆ రోజుల్లో ఒకే బల్లకు అటూ ఇటూ నిలబడి, "ఉప్పు కావాలని మీ అత్తకు చెప్పు", "డబ్బాలో ఉందని మీ తెల్లత్తకు చెప్పు" అని నా చేత రాయబారాలు నడిపారు. రొట్టెలు మాత్రం తట్టినవి తట్టినట్టే, కాలినవి కాలినట్టే. పనిలో అలకలు లేవు.

అత్త మారడం నేను గమనించాను. బస్తా ఎత్తే ముందు ఒక క్షణం ఆగేది. మెట్లెక్కుతూ మధ్యలో నిలబడి, కిటికీలోంచి వీధి చూస్తున్నట్టు నటించేది. ఆవిడ వీధి చూసే మనిషి కాదు. నలుపులో పాలిపోవడం మొహాన కనిపించదు, అందుకే కొట్టుకొచ్చే వాళ్ళెవరికీ తేడా తెలియలేదు. ఒకరోజు పొద్దున పిండి సగం పిసికి, చేతులు అలాగే పిండిలో ఉంచి, మెల్లగా పక్కనున్న బస్తా మీద కూర్చుండిపోయింది. నేను పరుగెత్తి చెయ్యి పట్టుకుని కడిగాను. పిండి పోయినా అరచెయ్యి తెల్లగానే ఉంది. గోళ్ళు కూడా. ఆవిడ వేసుకున్న బట్టల కింద బస్తా తడిసింది, ఎర్రగా.

"ఏం లేదే, కళ్ళు తిరిగాయి. బాగానే ఉన్నాను" అంది అత్త.

తెల్లత్త పొయ్యి దగ్గర నుంచి వచ్చింది. బస్తా చూసింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఎదురుగా నేల మీద చతికిలబడింది.

"పిసికింది ఎవరు?" అంది.

"ఏంటి?"

"ఈ ఒంటిని ఇన్నాళ్ళూ పిసుకుతున్నది ఎవరు? నువ్వే కదా. తట్టి బాగుందంటున్నది కూడా నువ్వే. ఎక్కడి న్యాయం ఇది? నా చెవికి పచ్చిగా వినిపిస్తోంది. నేను పచ్చి అంటే ట్రే వెనక్కి వెళ్ళాలి. అది నువ్వు పెట్టిన నియమమే, నేను పెట్టింది కాదు."

అత్త తన తెల్లబడ్డ అరచెయ్యి తిప్పి చూసుకుంది. తర్వాత, "సరే. కానీ నువ్వు నోరు విప్పకూడదు. లోపలికి రా, పక్కన కూర్చో. మాట్లాడేది నేను. అబద్ధాలు ఉండవు" అంది.

"గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చావు, ఇంకా షరతులు కూడానా!" అని తెల్లత్త ముక్కు చీదుకుంది. చీదుకుంటూనే ఒప్పుకుంది.

ఆటో పిలిచాను. ముగ్గురం వెళ్ళాం.

డాక్టరు చెడ్డ మనిషేం కాదు. ఆ మాట చెప్పకపోతే నా నోటికి పుణ్యం ఉండదు. వరండా నిండా జనం, బల్ల మీద చల్లారిపోయిన టీ, తలెత్తడానికి తీరిక లేని మనిషి. మేం లోపలికి వెళ్ళగానే అత్తను చూసి, "ఏమ్మా, మళ్ళీ వచ్చావు?" అంది. తెల్లత్తను చూసి, "కూర్చోండి" అంది. గదిలో కుర్చీ ఒకటే ఉంది. తెల్లత్త అత్త భుజం పట్టుకుని ఆ కుర్చీలో కూర్చోబెట్టి, తను పక్కన నిలబడింది.

"నొప్పి తగ్గలేదండీ. రక్తం ఆగడం లేదు. కళ్ళు తిరిగి పడిపోయాను" అంది అత్త.

డాక్టరు తల తెల్లత్త వైపు తిప్పింది. "ఎన్నాళ్ళ నుంచి ఉంది ఈవిడకి?"

తెల్లత్త గోడకున్న గడియారం వైపు చూసింది. మాటిచ్చింది మరి.

"మిమ్మల్నే అడుగుతున్నాను. మీ దగ్గర పనిచేస్తుందా? ఎన్నాళ్ళుగా బాధపడుతోంది?"

తెల్లత్త మెడ మీద ఎరుపు చెవుల దాకా పాకింది. అంత కోపిష్టి మనిషి, జీవితంలో ఎవరికీ ఒక మాట బాకీ ఉంచని మనిషి, పెదాలు బిగబట్టి గడియారం వంకే చూస్తూ నిలబడింది. మాట్లాడ్డం కన్నా ఆ మౌనం ఎంత కష్టమో ఆవిడ చేతివేళ్ళు చూస్తే తెలిసింది. అవి అత్త కుర్చీ వెనక్కర్రను నలిపేస్తున్నాయి.

"ఆవిణ్ణి అడక్కండి డాక్టరుగారూ" అంది అత్త. గొంతు సన్నగా ఉంది గానీ వణకలేదు. "నొప్పి నాది. నన్ను అడగండి. ఆవిడ దగ్గర నేను పని చెయ్యను, నా దగ్గర ఆవిడా చెయ్యదు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. ఆవిడ నా మనిషి."

"అంటే?"

"అంటే అదేనండీ. పెళ్ళి కాలేదని పోయినసారి నాకు పరీక్ష మానేశారు. మొగుడు లేడు, ఇంక రాడు కూడా. నేను కోరుకోలేదు. నా సంసారం ఈవిడతోనే. ఈ పిల్ల నా తమ్ముడి కూతురు, దానికీ తెలుసు ఈ సంగతి, ఇవాళ మీకు కూడా చెబుతున్నాను. ఏ పరీక్ష పెళ్ళయినవాళ్ళకు చేస్తారో అది నాకూ చెయ్యండి. ఆవిడకు ఏం చేశారో అదంతా నాకూ చెయ్యండి."

ఊరంతా తెలిసీ ఎవరూ నోరెత్తి అనని మాట అది. మా నాయనమ్మ దిండు పంపి సరిపెట్టింది, మా నాన్న మెట్ల కిందే ఆగిపోయాడు. అలాంటి మాటను మా అత్త ఒక ఆసుపత్రి గదిలో, మధ్యాహ్నం పూట, తలుపు సగం తెరిచి ఉండగా, వరండాలో వాళ్ళకు కూడా వినబడేలా చెప్పింది. నా గుండె ఎంత వేగంగా కొట్టుకుందో నాకే తెలుసు. భయంతో అనుకునేరు. కాదు, గర్వంతో.

డాక్టరు కలం కింద పెట్టింది. లేచి వచ్చి, మొదటిసారిగా అత్త చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి తిప్పి చూసింది. కింది కనురెప్ప లాగి చూసింది. ఆవిడ మొహంలో రంగు మారింది.

"ఇలా పెట్టుకుని ఇన్నాళ్ళూ నిలబడి పనెలా చేశారు?" అంది.

"ఓర్చుకోమన్నారు కదండీ" అంది అత్త. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అంది. డాక్టరు చేతులు కడుక్కుంది. పక్కనున్న తెర లాగి, "ఇలా వచ్చి పడుకోండి, చూస్తాను" అంది. తర్వాత తెల్లత్త వైపు తిరిగి, "మీరు కూడా రండి, పక్కన ఉండండి" అంది.

చేశారు, పడుకోండి. మా అత్తను వంతెన అవతలి మనిషి 'మీరు' అనడం నేను వినడం అదే మొదలు.

గర్భసంచిలో గడ్డలున్నాయి. ఒకటి చిన్న రొట్టెంత పెద్దది. ఒంట్లో ఉండాల్సిన రక్తంలో సగం కూడా లేదు. ఇంకొన్నాళ్ళు ఓర్చుకుని ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పలేదు, మేం అడగలేదు. ముందు రక్తం ఎక్కించి, ఆపైన ఆపరేషన్ చేస్తామన్నారు. గడ్డ చెడ్డదో కాదో తీశాకే తెలుస్తుందన్నారు. ఆ మాట విన్నాక తెల్లత్త వరండాలో బల్ల మీద కూర్చుని, నా భుజం మీద తల పెట్టి, చిన్నపిల్లలా ఏడ్చింది. లోపలికి వెళ్ళేటప్పుడు మళ్ళీ మొహం కడుక్కుని, "ఏం మొహం పెట్టావు, ఆసుపత్రి రొట్టె తిన్నావా?" అని అత్తను వేళాకోళం చేసింది.

ఆపరేషన్ రోజు మా నాన్న వచ్చాడు. పని మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వార్డు గుమ్మంలో ఒక నర్సు అడ్డు నిలబడి ఉంది. రోగి దగ్గర సొంతవాళ్ళు ఒక్కరే ఉండాలంది. తెల్లత్తను ఎగాదిగా చూసి, "మీరేమవుతారు?" అనడిగింది.

తెల్లత్త నోరు తెరిచే లోపు మా నాన్న ముందుకొచ్చాడు. "నేను తమ్ముణ్ణి అమ్మా, సొంత తమ్ముణ్ణి. నేను చెబుతున్నా, ఉండేది ఆవిడే. మా అక్క ఏ పక్కకు తిరిగి పడుకుంటే నిద్ర పడుతుందో నాకు తెలియదు. ఆవిడకు తెలుసు" అన్నాడు.

అనేసి, తన మాటకు తనే సిగ్గుపడి, చెవులు గోక్కుంటూ టీ తెస్తానని వెళ్ళిపోయాడు. తెచ్చిన టీ చల్లారిపోయింది. అయినా తెల్లత్త ఆ టీ చివరి చుక్క దాకా తాగింది.

గడ్డ చెడ్డది కాదని తర్వాత తేలింది. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎవరూ కంగారు పడకుండా. మా అత్త ఇప్పటికీ పొద్దున్నే లేచి పిండి కలుపుతుంది. బస్తాలు మాత్రం నేను ఎత్తుతున్నాను. ఇంకొక్క సంగతి మిగిలింది. నేను ఇదంతా మొదలుపెట్టింది కూడా దాని కోసమే.

ఆపరేషన్ మర్నాడు పొద్దున. మత్తు పూర్తిగా దిగిపోయింది. వార్డులో రెండు వరసల మంచాలు. కిటికీ వైపు వరసలో ఎక్కువగా తెల్లవాళ్ళు, గోడ వైపు వరసలో మావాళ్ళు. అలా పడుకోబెట్టాలని ఎవరూ అనుకుని ఉండరు, అయినా అలాగే కుదిరింది. అత్త కళ్ళు మూసుకుని పళ్ళు బిగించి పడుకుంది. నుదుటి మీద చెమట పూసలు కట్టింది. తెల్లత్త తడిగుడ్డతో తుడుస్తూ, "నొప్పిగా ఉంటే చెప్పు. అడగందే అమ్మైనా పెట్టదు" అని చెవిలో అంటోంది. అత్త తల అడ్డంగా ఊపుతోంది. అలవాటు. యాభై ఏళ్ళు పొగిడించుకున్న అలవాటు ఒక్క పూటలో పోతుందా?

సిస్టరు ట్రే పట్టుకుని వచ్చింది. చిన్నపిల్ల, నవ్వు మొహం. కిటికీ వరసలో ఒక్కొక్క మంచం దగ్గరా ఆగి, వంగి, "నొప్పి ఉందా అండీ? ఇంజెక్షన్ ఇవ్వమంటారా?" అని అడుగుతోంది. ఉందన్న వాళ్ళకు ఇస్తోంది. అటు వరస ముగించి ఇటు తిరిగింది. అత్త మంచం దగ్గరకు వచ్చి, ఆగకుండానే, నవ్వుతూ, "నువ్వు గట్టిదానివిలే అమ్మా, ఓర్చుకుంటావుగా" అంటూ ముందుకు నడిచింది. ప్రేమగానే అంది. అదే చిక్కు.

తెల్లత్త లేవబోయింది. అత్త ఆవిడ మణికట్టు పట్టుకుని ఆపింది. కళ్ళు తెరిచింది.

"ఓర్చుకోను!" అంది.

అది మాట కాదు, కేక. వార్డు మొత్తం తలలు తిరిగాయి. సిస్టరు అక్కడే ఆగిపోయింది.

"ఓర్చుకోను తల్లీ. ఓర్చుకోలేను. అమ్మో! అమ్మా!" అని మా అత్త గొంతెత్తి ఏడ్చింది. వెక్కి వెక్కి, కన్నీళ్ళు చెవుల్లోకి కారేలా, ఒక ఆసుపత్రి వార్డులో అందరూ చూస్తూండగా ఏడ్చింది. మా నాయనమ్మ పోయినప్పుడు కూడా నోరు నొక్కుకుని పొయ్యి ముందు నిలబడిన మనిషి. ఆవిడ బస్తాలెత్తినప్పుడు నాకు గొప్పగా ఉండేది. ఆ రోజు ఆవిడ ఏడుస్తుంటే, ఆ గొప్ప ఎందుకూ కొరగాదనిపించింది. నా నరనరమూ పొంగిపోయింది.

ఏడుపు మధ్యలోనే అత్త చెయ్యెత్తి సిస్టరును పిలిచింది. "ఇలా రా అమ్మా. అటువైపు వాళ్ళను ఎలా అడిగావో నన్ను కూడా అలా అడుగు."

సిస్టరు ఎర్రబడిపోయింది. మంచం దగ్గరకు వచ్చి, వంగి, "నొప్పి ఉందా అండీ?" అంది.

"ఉంది. చాలా ఉంది. నిన్ననే కదా కడుపు కోశారు, ఉండదూ?"

ఇంజెక్షన్ ఇచ్చింది. తెల్లత్త అత్త చేతిని తన బుగ్గకు ఆనించుకుని, ఏడుస్తూ నవ్వుతూ, "ఎంత గొంతే నీది, ఇన్నేళ్ళూ ఎక్కడ దాచావే!" అంది. ఎవరు చూస్తున్నా ఆ చెయ్యి వదల్లేదు. సిస్టరు ట్రే సర్దుకుని వెళ్ళబోతోంది.

అత్త పక్క మంచంలో ఒకావిడ ఉంది. వంతెన ఇవతలి మనిషే, ఇటుకల బట్టీలో పనిచేస్తుందట. నిన్నటి నుంచీ దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని కొరుకుతూ పడుకుందే తప్ప ఒక్క మూలుగు మూలగలేదు. ఎలా ఉందని మేం అడిగినప్పుడల్లా బాగుందనే అంది. ఆవిడ నోట్లోంచి దుప్పటి తీసింది.

"సిస్టరుగారూ" అంది మెల్లగా. "నాక్కూడా నొప్పిగానే ఉందండీ."

సిస్టరు ట్రే పట్టుకుని వెనక్కి తిరిగింది.